పది గోల్స్ తిన్న సారు

రా నాయనా, కూర్చో. ఆ పగిలిన పూలకుండీ పెంకులు జెర పక్కకు నెట్టి పీట ఇటు లాక్కో. బొగ్గులు ఇప్పుడిప్పుడే రాజుకుంటున్నాయి. సంక్రాంతి ముందరి బొల్లారం చలి మీ హీటర్లకు లొంగేది కాదు, దీనికి కుంపటే మందు. మీ నానమ్మ అల్లం దంచి ఛాయ్ పెడుతోంది. అది వచ్చేదాకా నువ్వు లేవలేవు, వచ్చినాక నేను లేవనివ్వను.

ఆ చేతిలో కాగితం ఏంది? సంతకమా? ఇటు తే, కళ్లజోడు పెట్టుకోనీ. "మన కాలనీ పిల్లల ఫుట్‌బాల్ టీముకు కోచ్‌ను మార్చవలెనని తల్లిదండ్రుల విన్నపం." బాగుంది. ఎనిమిది మ్యాచ్‌లు ఆడితే ఆరు ఓడారు, ఒకటి సమానం, ఒక్కటంటే ఒక్కటి గెలిచారు. కింద పద్నాలుగు సంతకాలు. ముసలాయనది కూడా పడితే కాగితానికి బరువొస్తుందని నా దగ్గరికి తెచ్చావు. పదకొండేళ్లు నిండని పోరల ఆటకు ఇంత కచేరీ నడుస్తోందని నాకు తెలియదు సుమా! ఆ సారుకు నెలకు ఎంతిస్తున్నారు మీరంతా కలిసి? అంతేనా? మరి పిల్లల బూట్లకు, జెర్సీలకు, వీపుల మీద పేర్లు అచ్చేయించడానికి అయిన ఖర్చులో అది సగం కూడా లేదే. చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే.

సంతకం ఎక్కడికీ పోదు. ముందు ఒక ముచ్చట విను.

నా చిన్నప్పుడు ఈ ఊళ్లో రెండు రకాల రూపాయలు చలామణి అయ్యేవి, తెలుసా నీకు? నిజాంగారి హాలీ సిక్కా ఒకటి, ఇంగ్లీషువాళ్ల నాటి కల్దార్ ఒకటి. ఏడు హాలీ రూపాయలు పోస్తే ఆరు కల్దార్ రూపాయలు. షావుకారు ధర చెప్పేముందు "ఏ రూపాయి?" అని అడిగేవాడు. మా నాయన నన్ను దుకాణానికి పంపి, తిరిగొచ్చినాక చిల్లర లెక్క అప్పజెప్పమనేవాడు. ఏడుకూ ఆరుకూ మధ్య ఎక్కడన్నా జారితే చెవి మెలేసేవాడు. నా కుడిచెవి ఎడమచెవి కంటే పొడుగని మీ నానమ్మ ఇప్పటికీ నవ్వుతుంది కదా, అది హాలీ సిక్కా చలవే. తర్వాత 1957లో నయాపైసలు వచ్చి ఆ అణాలూ బేడలూ కూడా పోయాయి. అప్పుడు మా మేనత్త...

సరే, సరే, ఫోను చూడకు. దారికొస్తున్నా.

ఆ రోజుల్లో ఈ ఊరికి క్రికెట్ జ్వరం ఇంకా పూర్తిగా తగల్లేదు. ఆటంటే ఫుట్‌బాలే. ఫతే మైదానంలో, అదే మీ లాల్‌బహదూర్ స్టేడియంలో, సిటీ పోలీసు టీము దిగుతుందంటే మేం గంటకు అణా లెక్కన కిరాయి సైకిలు తీసుకుని, ఒక్క సైకిలు మీద ముగ్గురం పోయేవాళ్లం. బంతి తోలుది. వాన పడితే నీళ్లు తాగి రాయైపోయేది, దాన్ని తలతో కొడితే లేసు ముడి నుదుటి మీద ముద్ర పడేది. ఆ ముద్ర చెరిగిపోకుండా ఇంటికి చేరాలని ముఖం కూడా కడుక్కునేవాళ్లం కాదు.

ఆ పోలీసు టీముకు సారు సయ్యద్ అబ్దుల్ రహీం. పోలీసాయన కాదు, బడిపంతులు. ఉస్మానియాలో చదువుకుని పిల్లలకు పాఠాలు చెప్పినవాడు. బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు మనవాళ్లే ఎత్తుకొచ్చారు. 1950లో డ్యూరాండ్ కప్పు కూడా, అదీ కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి. దేశం టీమును ఆయన చేతిలో పెడితే 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో కొట్టి బంగారు పతకం తెచ్చాడు. ఇంకేం, ఊరంతా "రహీం సాబ్, రహీం సాబ్" అని ఒకటే జపం.

మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్. మొదటి మ్యాచే యుగోస్లావియాతో. 10-1!

పది గోల్స్ తిన్నాం నాయనా. మేమప్పుడు నీ కొడుకంత ఉంటాం. పేపర్లో అచ్చుతప్పు పడిందనుకున్నాం. ఒకటికి పక్కన సున్నా పొరపాటున కూర్చుందని మా జట్టులో ఒకడు పందెం కూడా కాశాడు. పుట్నాలు ఓడిపోయాడు. మీ పద్నాలుగు మంది తండ్రులు ఆ రోజు ఉండుంటే సాయంత్రానికే కాగితం తయారయ్యేది. పది గోల్స్‌కు పది సంతకాలు చాలవూ?

ఇప్పుడు చెప్పు, ఆ పది ఏ రూపాయి? మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. మన ఎండల్లో, మన నేల మీద అది చెల్లింది. ఆ చలిదేశంలో, బూట్లేసుకున్న మొనగాళ్ల ముందు ఎట్లా చెల్లుతుంది? ఆ మొనగాళ్లయినా మామూలు వాళ్లా? కొద్దిరోజులకే సోవియట్ వాళ్లతో 5-5గా ఆడి, చివరికి వెండి పతకం పట్టుకుపోయారు. అంకె ఒక్కటే చూస్తే ఇవేవీ కనబడవు. ఆ దెబ్బతోనే మన ఫెడరేషన్ వాళ్లకు కళ్లు తెరుచుకుని, బూట్లు లేకుండా దిగగూడదని నియమం పెట్టారు.

రహీం సాబ్ ఏం చేసేవాడో చెబుతా, ఇది నాకు భలే ఇష్టమైన సంగతి. పోరలకు వింత వింత పోటీలు పెట్టేవాడు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం: బంతిని కాలికి అంటించుకుని పదిమందిని తప్పించుకుంటూ పోయే షోకులు చెల్లవు, అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. అట్లా ఆడాలంటే బంతి రాకముందే తలెత్తి ఎవడెక్కడున్నాడో చూసుకోవాలి, బంతి లేనివాడు కూడా ఖాళీ చోటుకు ఉరకాలి. ఇంకో దాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలివాడు ఎడమతో, ఎడమవాడు కుడితో. ఎందుకంటే, ఒంటికాలి ఆటగాడు ఎటు తిరుగుతాడో అడ్డుకునేవాడికి ముందే తెలిసిపోతుంది. రెండు కాళ్లూ ఆడేవాడిని పట్టుకోవడం బ్రహ్మతరం కాదు. ఆ పోటీల్లో పెద్ద పెద్ద షోకిలాలు బోర్లా పడేవాళ్లు, మూల నిలబడే బక్కపోరడు రాజయ్యేవాడు. ఆ రోజు ఎవరు గెలిచారని అడిగితే ఏం లాభం? ఆ ఆట ఆ రోజు గెలవడానికి పెట్టింది కాదు.

నాలుగేళ్లు తిరిగేసరికి, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్. ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో కొట్టారు, నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోలు మనదే! చివరికి 4-1తో ఓడాం, నిజమే. పదీ నాలుగూ రెండూ ఓటమి ఖాతాలోనే పడతాయి. నీ కాగితం మీద ఆ రెంటికీ తేడా చూపించే గడి ఎక్కడుంది?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, తక్కెడ పట్టినవాడు బొటనవేలు ఆనించగూడదు కదా. ఆ మెల్‌బోర్న్‌లో మొదటి మ్యాచ్ మనం హంగరీతో ఆడాలి. వాళ్లు రానేలేదు. ఆడకుండానే దాటేశాం. ఒక్క మ్యాచ్ గెలిచి నాలుగో స్థానంలో నిలబడ్డామంటే అందులో అదృష్టం పాలు కూడా ఉంది. నాలుగేళ్లకు రోమ్‌లో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఒకే గుంపులో తగిలాయి. ఒక్కటీ గెలవలేదు, గుంపులో అట్టడుగు. కానీ కాంస్యం గెలుచుకున్న హంగరీకి మనం ఓడింది 2-1తోనే. ఫ్రాన్స్ మీద ముందంజలో ఉండి, ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా 1-1 చేయించుకున్నాం. నన్నడిగితే రోమ్ టీమే మెల్‌బోర్న్ టీము కంటే ఒక పిసరు గట్టిది. పట్టిక మాత్రం తలకిందులుగా చెబుతుంది.

ఆ రోమ్‌లో హంగరీ మీదా, పెరూ మీదా మన గోల్స్ వేసిన బలరాం మన అమ్ముగూడ పోరడే, తెలుసా? ఇక్కణ్ణించి చీకట్లో రాయి విసిరితే పడేంత దూరం. బీద ఇల్లు. ఫతే మైదానం ఓ పది మైళ్లు. రానుపోను ఖర్చుకు గతిలేదంటే, కిరాయి సైకిలుకు డబ్బులిచ్చి మరీ రహీం సాబ్ రప్పించుకున్నాడని ఇక్కడి పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సైకిలు కిరాయి ఏ స్కోరుబోర్డు మీదా పడదు.

ఛాయ్ వచ్చింది, తాగు. ఉస్మానియా బిస్కెట్ ముంచి తిను, సిగ్గుపడకు. ఇంజనీరయితే మాత్రం ముంచగూడదా?

ఇప్పుడు నా సొంత గోడు. మా బళ్లో ఒక డ్రిల్లు సారు ఉండేవాడు. పేరెందుకులే. ఖాకీ నిక్కరు, మొలతాడంత నల్లదారానికి వేలాడే ఈల. నలభైమందికి ఒకటే బంతి, దానికీ రెండు మాసికలు. మేం ఇతర బళ్లతో ఆడితే ఓడడమే ఎక్కువ. ఓడినాక ఆయన మమ్మల్ని చింతచెట్టు కింద కూర్చోబెట్టి, అవతలివాళ్లు బాగా చేసిందేంటో ఒక్కొక్కడు ఒక్కొక్కటి చెప్పమనేవాడు. మా గోలీ ఒకసారి లేచి, "వాళ్ల సోడా బాగుంది సార్" అన్నాడు. అందరూ దెబ్బలు పడతాయనుకున్నారు. ఆయన కడుపుబ్బ నవ్వి, అర్ధణా పుట్నాలు తెప్పించి పంచాడు. పొద్దున ఎవడు తినకుండా వచ్చాడో ముఖం చూసి పసిగట్టేవాడు, వాడికి రెండు పిడికిళ్లు. ఆట రాని నాబోటివాణ్ణి కూడా ప్రతి మ్యాచ్‌లో కాసేపైనా దింపేవాడు. నేను దిగితే గోలు పడుతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా దింపేవాడు.

పొరుగు బడికి ఇంకో సారు. ఆయన వస్తే కప్పు వచ్చినట్టే. ఎట్లా రాదూ? ఆయన ఎనిమిదో తరగతి పోరలకు మీసాలుండేవి. ఒకడికైతే టోర్నమెంటు మధ్యలో పెళ్లి కుదిరింది! నా జతగాడొకడు మా బడి విడిచి ఆ టీముకు పోయాడు, కాళ్లలో చిరుత ఉండేది వాడికి. ఫైనలుకు రెండు రోజుల ముందు మోకాలు వాచింది. ఆ సారు పసుపూ సున్నం పట్టు వేసి, బిగించి గుడ్డ కట్టి దింపాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా? కప్పు గెలిచారు. బ్యాండు మేళంతో ఊరేగారు. వాడు మాత్రం మళ్లీ ఉరకలేదు. బతికినన్నాళ్లూ కుంటుతూనే నడిచాడు. మరుసటేడు ఆ సారు బజార్లో ఎదురైతే వాడు దండం పెట్టాడట. "ఎవర్నువ్వు?" అన్నాడట ఆయన. ఆ వెండి కప్పు చాలా ఏళ్లు అక్కడి హెడ్‌మాస్టరు గది అద్దాల బీరువాలో ధగధగమంటూనే ఉంది. నేను చూసిన ప్రతిసారీ షావుకారు ప్రశ్నే నోటిదాకా వచ్చేది: ఏ రూపాయి?

నువ్వు తెలివైనవాడివి. ఏం అడగబోతున్నావో నాకు తెలుసు. 1962 జకార్తా సంగతి తీస్తావు, అంతే కదా? రహీం సాబ్ మీద వచ్చిన సినిమా చూసి వచ్చినవాడివి మరి. తీయి, నేను తప్పించుకోను.

జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో కొట్టిన ఆటలో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మన వెనక వరసకు కోటగోడ అతను. రహీం సాబ్ అతన్ని వదులుకోలేదు. వెనక నుంచి తీసి ముందు వరసలో, గోల్స్ వేసే చోట పెట్టాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2. ఫైనలుకు మళ్లీ కొరియానే. లక్షమంది ఇండోనేషియా జనం, మనవాళ్ల మీద ఏదో రాజకీయ కోపంతో, బంతి తాకితే చాలు అరుపులు. పి.కె. బెనర్జీ ఒకటి, ఆ కుట్ల తలవాడు ఒకటి వేశారు. 2-1, స్వర్ణం.

మా జతగాడి మోకాలు, జర్నైల్ తల, ఏంది తేడా అంటావు. అరవై ఏళ్లుగా నన్ను నేను అడుక్కుంటున్నా. అతను పెద్దవాడు, కావాలని దిగినవాడు, వీడు పద్నాలుగేళ్ల పోరడు అని ఒకప్పుడు సర్దిచెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు అట్లా సర్దుకోను. తల దెబ్బతో ఆడించడం ఈ కాలం డాక్టరు ఒప్పుకోడు, ఒప్పుకోగూడదు కూడా. స్వర్ణం వచ్చింది గనక అది వీరగాథ అయింది. కుట్లు విడిపోయి అతనికేమన్నా అయ్యుంటే రహీం సాబ్ పేరు మనం ఏ గొంతుతో తలుచుకునేవాళ్లం? గెలుపు చూసి మెచ్చుకోవద్దని నీకు చెబుతూ, నేనే గెలుపు చూసి తప్పు కప్పిపెడితే మా నాయన లేచొచ్చి ఎడమచెవి కూడా పొడుగు చేస్తాడు. కాబట్టి అది ఆయన ఖాతాలో అటువైపే రాసుకో. పెద్ద చెట్టుకు పుచ్చుకొమ్మ ఉండదా?

ఇంకోటి కూడా రాసుకో. అప్పటికే ఆయన ఊపిరితిత్తులను క్యాన్సర్ తినేస్తోంది. ఆ స్వర్ణం మెడలో పడ్డ తొమ్మిది నెలలకు, 1963 జూన్‌లో పోయాడు. యాభై మూడేళ్లు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు. పి.కె. బెనర్జీ తానే పెద్ద కోచ్ అయ్యాడు. రహీం సాబ్ కొడుకు హకీం కూడా ఆటగాడై, రెఫరీ అయి, కోచ్ అయ్యాడు. సారు పోయినాక శిష్యులు ఈల అందుకున్నారంటే, ఆ చేతిలో ఏదో ఉండబట్టే కదా.

బ్యాడ్మింటన్‌లో చూడు. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిస్తే ఊరంతా గోపీచంద్‌ను ఎత్తుకుంది, ఎత్తుకోవాల్సిందే. అతనికి రాకెట్ పట్టు దిద్దిన ఆరిఫ్ సాబ్ పేరు ఎంతమంది తలిచారు? ద్రోణాచార్యా, పద్మశ్రీ వచ్చాయి గనక ఆయన నయం. మా డ్రిల్లు సారుకు ఏమొచ్చింది? ఈల దారం తెగితే మేం చందాలేసుకుని కొనిచ్చిన కొత్త దారం, అంతే. కానీ ఒకటి చెప్పనా? ఆయన చేతికింద ఓడిన నలభైమందిలో పాతికమందిమి యాభై ఏళ్లు దాటినా ఆదివారం పొద్దున పరేడ్ గ్రౌండు పక్కన బంతి తన్నుకునేవాళ్లం. నాకు డెబ్భై వచ్చేదాకా మీ నానమ్మ తిట్టినా పోయేవాణ్ణి. ఆ కప్పు గెలిచిన పోరల్లో ఒక్కడు కూడా మళ్లీ గ్రౌండులో కనబడలేదు, ఆ పెళ్లికొడుకుతో సహా.

ఆ కాగితం ఇటు ఇవ్వు, ఒకసారి మళ్లీ చూస్తా. ఆరు ఓటములు. ఎవరితో? ఆహా, ఆ పెద్ద అకాడమీవాళ్లతోనే మూడు, వాళ్ల పోరలు రోజూ ఆడతారు, మనవాళ్లు శని ఆదివారాలే. మొదటి ఓటమి ఎంత, ఆఖరు ఓటమి ఎంత? రాయలేదే. పద్నాలుగు సంతకాల్లో ప్రాక్టీసు పూర్తిగా చూసినవాళ్లు ఎందరు? నువ్వు? కార్లో ఫోను మాట్లాడుతూ కూర్చున్నది లెక్కకు రాదు. బెంచీ మీది పిల్లలను దింపుతాడా? "అందుకే కదా తాతా ఓడేది" అంటున్నావా! అట్లా అను మరి. సారు పదినిమిషాలు ఆడనిచ్చిన ఆ బెంచీ పోరడి తండ్రి కూడా సంతకం పెట్టాడు చూడు, పేరు కిందనే ఉంది. లోకం వింతది నాయనా. పిల్లలను తిడతాడా? కొడతాడా? ఆడపిల్లలతో మర్యాదగా ఉంటాడా? అవి చూడండి ముందు. ఆ విషయాల్లో తేడా వస్తే ఎనిమిదికి ఎనిమిదీ గెలిచినా సరే, నేనే మొదటి సంతకం పెడతా, పెద్ద అక్షరాలతో.

మొన్న మధ్యాహ్నం ఏమైందో నీకు తెలియదు, నువ్వు ఆఫీసులో ఉన్నావు. నీ కొడుకు ఈ గోడకు బంతి కొడుతున్నాడు. దబ్ దబ్ అని గంట సేపు, నాకు కునుకు పట్టనీయలేదు. ఒక్క దెబ్బా సూటిగా పోలేదు. ఒకటి కిటికీకి, ఒకటి మీ నానమ్మ ఆరేసిన చీరకు. ఇంత చెడ్డగా ఆడతాడేంది వీడు అని కర్ర పట్టుకుని లేచి చూద్దును కదా, ఎడమకాలితో కొడుతున్నాడు. కుడికాలి వాటం పోరడు! "ఎవర్రా చెప్పింది నీకు?" అంటే, "మా కోచ్ సార్. వారం రోజులు ఎడమకాలే, కుడి ముట్టగూడదు తాతా" అన్నాడు. అని, నా ముందే ఇంకోటి కొట్టాడు.

నువ్వు పక్కకు నెట్టిన ఆ పెంకులు ఆ దెబ్బవే. మీ నానమ్మ మందారం అది. రేపు పొద్దున నర్సరీకి పోయి కొత్త కుండీ పట్టుకురా, డబ్బులు నీవే. ఈ కాగితం ఇక్కడే ఉండనీ, బొగ్గులు మళ్లీ చల్లబడుతున్నాయి.